గల్లీ ముచ్చట్లు: తలుపు తెరిస్తే సముద్రం

దీపావళి దగ్గర పడుతోంది. ఎవరి సేటు ఎంత బోనస్ ఇస్తాడు, సాంచెలు ఎన్ని రోజులు బంద్ ఉంటాయి, ఎవరు ఊరికి పోతారు, ఎవరు తిరగను పోతారు... నలుగురం తంబాకు చాటలు ముందేసుకుని కూర్చుంటే గల్లీలో ఇవే ముచ్చట్లు.

మొన్న మా కింది వాటాలో ఉండే కోడలు పిల్ల ఫోన్ పట్టుకుని వచ్చింది. చంకలో రెండేండ్ల కొడుకు.

"అత్తమ్మా, ఈసారి గణపతిపుళె పోదామనుకుంటున్నం. జెర ఈ రూము సూడు, ఎట్లున్నదో చెప్పు" అని ఫొటో చూపించింది. తెల్ల దుప్పటి పరిచిన మంచం. మంచం ముందు పెద్ద అద్దాల తలుపు. తలుపు అవతల నీలంగా సముద్రం.

"తలుపు తెరిస్తే నీళ్లేనట. రోజుకు 800 ఎక్కువైతది. పోయేదే ఒక్కసారి గద అత్తమ్మా, పోతేపోనీ అనుకుంటున్న."

నా చేతిలో కత్తెర ఆగింది. ఆరేండ్ల కింద ఈ మాట నేనే అన్నాను. ఈ ముచ్చట మా ఇంట్లో మళ్లీ ఎవ్వరం ఎత్తలేదు. కానీ ఆ పిల్ల చంకలోని బిడ్డను చూసినంక చెప్పక తప్పలేదు. ఆమెకు చెప్పిన మాటే మీకూ చెప్తున్నాను.

ఆ ఏడు మా పెద్దోడికి కార్ఖానాలో బోనస్ వచ్చింది. నా బీడీల పైసలు కొన్ని దాచిపెట్టి ఉన్నాయి. నాకప్పుడు 56 ఏండ్లు. షోలాపూర్ దాటి పోయింది తక్కువ. పండరిపురం, తుల్జాపూర్, పెండ్లికో చావుకో సిరిసిల్ల. అంతే. సముద్రం చూడలేదు. కొడుకు లోపలి గల్లీలో చవక రూము చూశాడు. "అంత దూరం పోయి గల్లీల పండుకునుడేంది? మన గల్లీ చాలదా? మంచం మీద కూసుంటే సముద్రం కనబడాలె" అని పట్టుబట్టింది నేనే. తప్పు ఎవరిదో ముందే ఒప్పుకుంటున్నాను.

లక్ష్మీపూజ చేసుకుని పాడ్వా నాడు తెల్లారగట్ల ఎర్ర బస్సు ఎక్కాం. మనుమడికి రెండున్నరేండ్లు. ఐదేండ్ల లోపు పిల్లలకు ఎస్టీలో టికెట్ లేదు కాబట్టి ఒళ్లోనే కూర్చోబెట్టుకున్నాం. కొల్హాపూర్‌లో మారి, అంబా ఘాట్ దిగి, రత్నాగిరి మీదుగా గణపతిపుళె చేరేసరికి పొద్దుగూకింది. ఘాట్ మలుపులకు పిల్లోడు రెండుసార్లు వాంతి చేసుకుని సోలిపోయి ఉన్నాడు.

రూములోకి పోగానే నేను వెనక తలుపు తీశాను. చిన్న వరండా, నాలుగు మెట్లు, మెట్ల కింద ఇసుక. ఆ ఇసుక ఎంత దూరం పోయిందో! సముద్రం ఎక్కడో అవతల తెల్లటి గీతలాగా కనబడుతోంది. "అంత దూరముంది, భయమేం లేదు" అన్నాను కోడలితో. వరండాకు గేటు లేదు. తలుపు గొళ్లెం కింద, పిల్లోడికి అందేంత ఎత్తులో ఉంది. రెండూ నా కంట్లో పడ్డాయి. కానీ నా మనసంతా సముద్రం మీద ఉంది.

మర్నాడు పొద్దున గుడికి పోయాం. సముద్రం ఒడ్డునే స్వయంభూ గణపతి గుడి. గుట్ట చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చి, భోజనాలు చేసి అందరం నడుం వాల్చాం. కోడలు ముందు వైపు తడిబట్టలు ఆరేస్తోంది. పెద్దోడు ఫోన్‌లో మాట్లాడుతూ బయటికి పోయాడు. మా ఇంటాయన గురక పెడుతున్నాడు. పిల్లోడు నా పక్కనే. నేను చూస్తున్నానని కోడలు అనుకుంది. వాడు నిద్రపోయాడని నేననుకున్నాను.

కన్ను తెరిస్తే పక్కన పిల్లోడు లేడు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. నిన్న ఇసుక ఉన్న చోట నీళ్లు. కింది రెండు మెట్లు మునిగిపోయాయి. మూడో మెట్టు మీద మావాడు గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో బాత్రూంలోని చెంబు, పక్కన బకెట్. చెంబు ముంచి బకెట్లో పోస్తున్నాడు. నడుం దాకా తడిసిపోయాడు. వాడి అంగీ కాలరు ఒక ఆడమనిషి పిడికిట్లో ఉంది. ఒడ్డున కోకం షర్బత్ అమ్ముకునే ఆవిడ.

నన్ను చూసి వాడు నవ్వాడు. "నానమ్మా, నల్లా వచ్చింది!" అన్నాడు.

మన ఊర్లో నల్లా రోజూ రాదు. వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఉరుకులే. డ్రమ్ము, బిందె, గంజు, ఏది దొరికితే అది నింపుతాం. చిన్నోడి చేతిలో కూడా ఒక చెంబు పెడతాం. చుక్క పారబోస్తే వీపు మీద ఒకటి వేస్తాం. నీళ్లు కనబడితే నింపుకోవాలని మన పిల్లలకు బుద్ధి తెలియకముందే నేర్పాం. నీళ్లకు భయపడాలని ఎన్నడూ నేర్పలేదు. అన్ని నీళ్లు ఒక్కచోట చూసి వాడు ఇంట్లో నేర్చుకున్న పనే చేశాడు.

"ఆజీ, భర్తీచీ వేళ ఆహే. లేకరాలా ఏకటం సోడూ నకా" అంది ఆవిడ. పోటు వేళ ఇది, పిల్లోణ్ని ఒంటిగా వదలొద్దు అని. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేదేమో. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు.

సాయంత్రం ఆవిడ బండి దగ్గరికి పోయి కూర్చున్నాను. నిన్న అంత దూరంలో ఉన్న సముద్రం ఇవాళ మెట్ల మీదికి ఎట్లా వచ్చిందని అడిగాను. ఆవిడ వేళ్ల మీద లెక్క చెప్పింది. తిథిని మూడుతో గుణించి నాలుగుతో భాగిస్తే పోటు గంట వస్తుంది. పాడ్యమి ఒకటి కాబట్టి ముప్పావు, అంటే 12:45. విదియకు 1:30. చవితికి 3 గంటలు. అష్టమికి 6 గంటలు. పున్నమికీ అమావాస్యకూ 11:15. పగలొకసారి, రాత్రొకసారి ఇంచుమించు అదే వేళకు నీళ్లు పైదాకా వస్తాయి. ఆరు గంటలు గడిచేసరికి పూర్తిగా వెనక్కి పోతాయి. అర్ధగంట అటూ ఇటూ అనుకోండి.

ఇది కొంకణ్ తీరం లెక్క. ఒడిశా వైపు గోపాల్‌పూర్, పూరీ పోయేవాళ్లు, యానాం దగ్గరి మనవాళ్లు ఈ లెక్క పట్టుకోవద్దు. అక్కడి పోటు వేళలు వేరు. అక్కడి జాలర్లనే అడగండి.

ఆవిడ ఇంకో మాట చెప్పింది. అమావాస్యకూ పున్నమికీ, ఆ తర్వాత రెండు రోజులకూ నీళ్లు అన్నిటికంటే ఎక్కువ పైకి వస్తాయి, అన్నిటికంటే ఎక్కువ దూరం వెనక్కి పోతాయి. అష్టమి దగ్గర అంత ఉండదు. అప్పుడు నాకు తలకెక్కింది. మన దీపావళే అమావాస్య. సాంచెలు బంద్ పెట్టేది అప్పుడే, మనకు తీరిక దొరికేది అప్పుడే. అంటే మనం పిల్లాజెల్లతో పోయే రోజుల్లోనే సముద్రం పైపైకి వస్తుంది. పాడ్వా నాడు పొద్దుగూకేటప్పుడు నేను చూసింది నీళ్లు వెనక్కి పోయిన వేళ. విదియ మధ్యాహ్నం మేం కునుకు తీసింది నిండు పోటు వేళ.

నూలు పున్నమి నాడు మనం మార్కండేయ మహారాజు రథం తీస్తాం కదా. అదే రోజు కొంకణ్‌లో నారళీ పూర్ణిమ. కోళీలు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి దండం పెడతారు. సముద్రం మీద బతికేవాళ్లు దానికి అంత మర్యాద ఇస్తుంటే, రెండు రోజులు చూడను పోయిన నేను దాన్ని గోడకు తగిలించిన క్యాలెండరు బొమ్మ అనుకున్నాను.

ఆ రాత్రికే సామాను సర్దుకుని లోపలి గల్లీకి మారాం. ముందు రూముకు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు. కొత్తది ఒక ఇంటివాళ్ల మేడ మీది గది. కింద వాళ్లే ఉంటారు. చుట్టూ ప్రహరీ, ముందు గేటు. కిటికీలోంచి కనబడేది కొబ్బరిచెట్లు, పక్కింటి పెంకులు. సముద్రానికి నడిచి పది నిమిషాలు. ఇంటావిడ పిల్లోడికి మెత్తగా అన్నం వండి పెట్టింది. మర్నాడు తదియ. పోటు 2:15కు. అంటే పొద్దున 8 గంటలకు నీళ్లు వెనక్కి పోతాయి. ఆ వేళకే పోయి తడి ఇసుకలో రెండు గంటలు కూర్చున్నాం. వాడు చెంబుతో ఇసుక కుప్పలు పోశాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని పాదాల మట్టుకే నీళ్లలో నిలబడ్డాను. గణపతిపుళె దగ్గర సముద్రం మోసకారి. కాళ్ల కింద ఇసుకను లాక్కుపోతుంది. ఈతకు దిగొద్దని బోర్డులు కూడా పెట్టారు. సముద్రం చూడాలన్న నా ముచ్చట ఆ పొద్దు కడుపునిండా తీరింది.

ఇప్పుడు, చిన్న పిల్లలతో పోయేవాళ్లు రూము మాట్లాడే ముందు ఫోన్‌లో ఏం అడగాలో చెప్తాను.

మొదటిది, రూము తలుపుకూ నీళ్లకూ నడుమ ఏముంది? గోడనా, గేటా, రోడ్డా, ఉట్టి మెట్లా? నిండు పోటుకు నీళ్లు ఎక్కడి దాకా వస్తాయి? ఫొటో ఏ వేళ తీసిందో మనకు తెలియదు.

రెండోది, తలుపు గొళ్లెం ఎంత ఎత్తులో ఉంది? పైన ఉంటే మంచిది. కింద ఉంటే ఇంటి నుంచి ఒక చిన్న తాళం తీసుకుపోండి. తాళంచెవి పెద్దవాళ్ల కొంగుకు ఉండాలె.

మూడోది, మేడ మీది గది అయితే బాల్కనీ. కడ్డీల నడుమ బెత్తెడు కంటే ఎక్కువ సందు ఉంటే ఆ గది వద్దు. బాల్కనీలోని ప్లాస్టిక్ కుర్చీలు పోగానే లోపలికి తెచ్చేయండి. కుర్చీ ఎక్కితే పిల్లోడికి కటకటాలు ఎంత ఎత్తున్నా లాభం లేదు.

నాలుగోది, స్విమ్మింగ్ పూల్ ఉందా? ఉంటే సంతోషపడకండి, దాని చుట్టూ కంచె ఉందా అని అడగండి. సముద్రం దూరం ఉన్నా పూల్ దగ్గర ఉంటుంది.

ఐదోది, బాత్రూం. బకెట్ నిండా నీళ్లు పెట్టి వదలొద్దు, బోర్లించి పెట్టండి. చంటిపిల్లల ప్రాణానికి జానెడు నీళ్లు చాలు. సినిమాలో లాగా చేతులు కొట్టుకోరు, కేక వేయరు. చప్పుడు లేకుండా అయిపోతుంది. గీజర్ నల్లా కూడా చూసుకోండి.

ఆఖరుది, దగ్గర్లో డాక్టర్ ఉన్నాడా, రాత్రిపూట బండి దొరుకుతుందా, పాలు ఎక్కడ దొరుకుతాయి అని అడగండి. ఓఆర్ఎస్ పొట్లాలు మాత్రం ఇంటి నుంచే తీసుకుపోండి.

రూము ఎంత మంచిదైనా మనిషి కాపలా కావాలె. ఆ మధ్యాహ్నం మేం నలుగురం పెద్దవాళ్లం ఉన్నాం. నలుగురం ఉన్నాం కాబట్టే ఎవరమూ చూడలేదు. సాంచెల మీద ఇట్లా చేస్తామా? ఇంకో పాళీ మనిషి వచ్చి నిలబడ్డాకనే ముందు పాళీ మనిషి దిగుతాడు. దారం తెగితే ఎవరి పాళీలో తెగిందో తెలుస్తుంది. దారానికి ఉన్న పాళీ పిల్లోడికి లేకపోయింది. ఇప్పుడు మా ఇంట్లో పెండ్లికి పోయినా, జాతరకు పోయినా, "ఇప్పుడు నీ పాళీ" అని పేరు పెట్టి చెప్తాం. అవతలి మనిషి "సరే, నా పాళీ" అన్నాకనే చెయ్యి వదులుతాం. మొదట నవ్వొచ్చేది. ఇప్పుడు అలవాటైపోయింది.

కోడలు పిల్ల అంతా విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ ఫొటో రూము వాళ్లకు ఫోన్ చేసి మరాఠీలో గొళ్లెం ఎత్తు అడిగింది. అవతలి మనిషి నవ్వి "గొళ్లెం ఎందుకమ్మా, వ్యూ చూడండి" అన్నాడట. పెట్టేసింది. రెండో చోటికి చేసింది. అక్కడ ఎత్తిన ఆడమనిషి "ఆగమ్మా, చూసొస్తా" అని లోపలికి పోయి, వచ్చి, "నా తల మీదికి ఉంది, గేటుకు కూడా గడి ఉంది. బిడ్డకు ఎన్నేండ్లు?" అని అడిగింది. బిడ్డ వయసు అడిగిన ఆ చోటికే అడ్వాన్సు పంపించారు. రోజుకు 800 మిగిలింది. కిటికీలోంచి సముద్రం కనబడదట. పోనీలెండి, నడిచి పోయి చూస్తారు.

మావాడు ఇప్పుడు రెండో తరగతి. ఆ ముచ్చట వాడికి యాదిలేదు. మొన్న నల్లా వచ్చినప్పుడు చెంబు పట్టుకుని నా పక్కన నిలబడి "నానమ్మా, మనం సముద్రం ఎప్పుడు చూద్దాం?" అని అడిగాడు. పోదాం బిడ్డా అన్నాను. అష్టమి చూసుకుని పోదాం.

మీకందరికీ దీపావళి శుభాకాంక్షలు. మీరు పిల్లలతో పోయొచ్చిన చోట్లు, అక్కడ మీరు నేర్చుకున్న జాగ్రత్తలు మన పత్రికకు రాసి పంపండి. వచ్చే నెల ఇంకో ముచ్చటతో కలుద్దాం.