విత్తనానికి బీజామృతం సరే, మరి చెరువు చేప సంగతేంది?



"చేపలో పాదరసం ఉంటుందంట కదా, గర్భంతో ఉన్నోళ్లు తినొచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. తినొచ్చు. అయితే ఏ చేపో చూసుకుని తినాలి.

పాదరసం నీళ్లలో పడితే, అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది నాచులోంచి పురుగుకు, పురుగులోంచి చిన్న చేపకు, దాన్ని మింగిన పెద్ద చేపకు చేరి పోగవుతా పోతుంది. కండలోనే ఉంటుంది కాబట్టి కడిగినా, ఉడికించినా పోదు. తల్లి తింటే కడుపులో బిడ్డ మెదడుకు దెబ్బ. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన సముద్రపు చేపలు తిని జనం నరాల జబ్బు పాలైన సంగతి 1956లో బయటపడింది.

అందుకే సొర లాంటి పెద్ద వేట చేపలు గర్భిణులకు, పసిపిల్లలకు వద్దు. కవళ్లు, మన చెరువుల్లో పెరిగే రోహు, బొచ్చె మేలు. భయపడి చేపే మానేస్తే మంచి ప్రోటీన్ పోగొట్టుకున్నట్టే.

ఇది తినేవాళ్ల సమస్యే అనుకోవద్దు. పాదరసం మన విత్తనాల్లోకీ వచ్చింది. 1971-72లో ఇరాక్‌లో పాదరసం మందు పట్టించిన విత్తన గోధుమలతో రొట్టెలు చేసుకుని 6,530 మంది ఆసుపత్రి పాలయ్యారు, 459 మంది చనిపోయారు. మన దేశంలో చెరకు, బంగాళాదుంప విత్తనశుద్ధికి పాదరసం మందును 2018 ఆగస్టు దాకా వాడనిచ్చారు. ఆ తర్వాతే పూర్తిగా నిషేధించారు.

నా అభిప్రాయం ఒకటే. పొలంలో రసాయనం ఆపి, చెరువు కట్ట మీద పగిలిన ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు, పాత మందు డబ్బాలు పారేస్తే మనది సగం ప్రకృతి వ్యవసాయమే. వాటిని విడిగా సేకరించే పని పంచాయతీ పెట్టుకోవాల. బొగ్గు పొగలోంచి గాలికెక్కి వచ్చే పాదరసాన్ని ఒక్క ఊరు ఆపలేదు. అందుకే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చెరువుల చేపల్ని ప్రభుత్వం పరీక్ష చేయించి, ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలని గ్రామసభలో అడగండి.

ఈసారి విత్తనానికి బీజామృతమే పట్టించండి. 20 లీటర్ల నీళ్లకు 5 కిలోల నాటు ఆవు పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గట్టు మీది పిడికెడు మట్టి. తయారీ కింది వీడియోలో చూడండి.