లాభ మొకరికి, నష్ట మొకరికా?

నాటిన విత్తు మొలకెత్తకపోయినప్పుడు రైతు మొదట దుకాణమునకు పోవును. "నేను అమ్మినవాడనే గాని తయారుచేసినవాడను కాను, కంపెనీవారి నడుగుము" అని దుకాణదారుడు చెప్పును. "మీకును మాకును బేరమే జరుగలేదు, అమ్మినవాని నడుగుడు" అని కంపెనీవారు చెప్పుదురు. ఈ రెండు గుమ్మముల నడుమ తిరుగుచుండగనే అదను దాటిపోవును; అప్పు మాత్రము మిగులును. దీనికి చట్టములో మందు లేదని మనలో పలువురు నమ్మియున్నారు. మందు కలదు. అయితే దానిని పరులచేత మ్రింగించుటకు ఎంత ఉత్సాహపడుదుమో, మనవంతు వచ్చినప్పుడు మ్రింగుటకును అంతగా సిద్ధపడవలయును.

వ్యాపార న్యాయమునకు మూలమైన ప్రశ్న యొక్కటే: ఒక పనివలన లాభము పొందువాడెవ్వడు? ఆ పనివలన కలిగిన హానిని భరింపవలసినవాడును అతడే. ఒప్పందమున్నను లేకున్నను, ఒకని తప్పిదమువలన మరియొకనికి కలిగిన హానికి సొమ్మురూపమున పరిహార మిప్పించు న్యాయశాఖను టార్టు లందురు. అందలి ప్రసిద్ధ వ్యాజ్యములలో నొకటి మన సీమలోనే పుట్టినది. కార్వేటినగరము జమీనులోని చెరువులు అతివృష్టిచే తెగి మద్రాసు రైల్వే కంపెనీవారి మార్గమును పాడుచేసెను. కంపెనీవారు జమీందారుపై దావా వేసిరి. 1874లో లండనునందలి ప్రివీ కౌన్సిలు దానిని త్రోసివేసినది. చెరువులను కాపాడుట జమీందారునకు పూర్వాచారముచే సంక్రమించిన విధి యనియు, అవి పెక్కుమంది ప్రజల జీవనమునకై యున్నవనియు, అజాగ్రత్త రుజువు కానిదే ఆయన ఉత్తరవాది కాడనియు తీర్పు చెప్పిరి. లోకోపకారమునకైన చెరువునకు ఒక కొలత. స్వలాభమునకై ప్రమాదకర వస్తువులను నిలువచేయు కార్ఖానాకు వేరొక కొలత.

ఆ రెండవ కొలతను మన సుప్రీము కోర్టు 1986 డిశెంబరులో నిర్ణయించినది. అంతకు మునుపటి సంవత్సరము ఢిల్లీలో నొక కర్మాగారమునుండి ఓలియం వాయువు వెలువడిన సందర్భమున, అపాయకరమైన పరిశ్రమ నడుపువారు తమవలన అజాగ్రత్త లేదని చెప్పి తప్పించుకొనరాదనియు, హానికి సంపూర్ణముగా బాధ్యులనియు ధర్మాసనము తేల్చెను. 2020 మే 7వ తేదీని విశాఖపట్టణపు శివారున స్టైరీను వాయువు ప్రాణములు తీసినప్పుడు జాతీయ హరిత న్యాయాధికరణము ఈ న్యాయమునే అనుసరించినది. కర్మాగారమువారిచే ముందుగా 50 కోట్ల రూపాయలు జమ చేయించినది.

ఇక సరుకుల సంగతి. 1932లో ఆంగ్ల ప్రభువుల సభ ఒక పానీయపు సీసా వ్యాజ్యమున, కొన్నవారు వేరొకరైనను, తయారుచేసినవాడు త్రాగినవారియెడల జాగ్రత్త వహింపవలసినవాడే యని తీర్పు చెప్పెను. "మీకును మాకును బేరము లేదు" అను మాటకు ఆనాడే బలము తగ్గినది. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, 2020 జూలైనుండి అమలులోనికి వచ్చి, దీనికొక ప్రత్యేకాధ్యాయమును కేటాయించినది. తయారీలోనో, నమూనాలోనో లోపమున్నను, తగిన హెచ్చరికలు లేకున్నను తయారుచేసినవాడు ఉత్తరవాది. పంపుసెట్టువలన విద్యుద్ఘాతము కలిగినను, హెచ్చరిక లేని మందువలన దేహమునకు చేటు కలిగినను ఈ అధ్యాయము పనికివచ్చును. పైరు నష్టమువంటి కేవల ధననష్టమునకు మాత్రము, సరుకు లోపభూయిష్టమని సామాన్యమైన ఫిర్యాదు చేయవలెను.

అట్టి ఫిర్యాదు చెల్లునా? చెల్లునని ఆంధ్రప్రదేశపు రైతులే నిరూపించిరి. నాసి విత్తనములవలన నష్టపోయిన వారిపై జాతీయ విత్తన సంస్థ సుప్రీము కోర్టు వరకు పోరాడినది. రైతు వినియోగదారుడు కాడనిరి, విత్తన చట్టమే శరణ్యమనిరి, మధ్యవర్తిత్వమునకు పోవలెననిరి, విత్తనపు మచ్చును పరీక్షింపలేదనిరి. 2012 జనవరిలో న్యాయస్థానము ఈ వాదము లన్నిటిని నిరాకరించినది. కొన్న విత్తన మంతయు చల్లుకొను రైతు, పరీక్షకై కొంత దాచియుంచునని ఆశించుట తగదని పలికినది.

దుకాణదారుని మాటయో? అతడు కంపెనీకి ఏజంటైన యెడల, 1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము, తన అధికారములోబడి అతడు చేసిన పనియు, పలికిన అబద్ధమును కంపెనీవే యగును. సరుకును తన సొత్తుగా కొని అమ్ముకొనువాడైన యెడల అతడు ఏజంటు కాడు. ఐనను, ఆ సరుకువలన హాని కలిగి, అతడు కంపెనీ చెప్పని హామీ నిచ్చియున్నను, సరుకును మార్చియున్నను, తయారుచేసినవాని జాడ తెలియకున్నను, 2019 నాటి చట్టము అతనిని విడువదు.

ఇంతవరకు చదివి భూస్వాములు సంతసించియుందురు. ఇప్పుడు ఆ త్రాసులో మనము కూర్చుండవలెను. మన చేనిలో మందు చల్లుచు కూలివాడు మూర్ఛిల్లినప్పుడు "జాగ్రత్తగా నుండవలసినది" యని మన మనుటకును, "మీకును మాకును బేరము లేదు" అని కంపెనీ యనుటకును భేదమేమి? పనివలన, పనివేళ ప్రమాదము కలిగినచో, యజమాని తప్పు లేకున్నను పరిహార మీయవలెనని 1923లోనే శాసనమైనది. ఆ సూత్రమే 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికి చేర్చబడినది. ట్రాక్టరులతో సేద్యము చేయువారును, పైరులపై పురుగుమందులు చల్లువారును ఆ రక్షణకు పాత్రులు. మన ట్రాక్టరును మన పనిమీద నడుపుచు డ్రైవరు దారిని పోవువానిని గాయపరచినను ఉత్తరవాదిత్వము మన గడపకే వచ్చును.

కావున మా మనవి యిది. కొనునప్పుడు రశీదు లేక సరుకు తీసికొనకుడు. విత్తనపు సంచిని, చీటీని పారవేయకుడు. పైరు చెడినయెడల వెంటనే వ్యవసాయాధికారిచే పొలమును చూపించి వ్రాత తీసికొనుడు. రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు చేయుడు. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో అచ్చట రుసుముండదు. అటులనే మందు చల్లించుటకు ముందు కూలివానికి ముసుగును, చేతితొడుగులను ఇండు. కార్మికులపేర బీమా చేయుడు. ప్రమాదము జరిగినయెడల బేరమాడక పరిహార మిండు.

కంపెనీని న్యాయస్థానమున నిలువబెట్టుటకు కాగితము చాలును. దానికి నైతికబలము చేకూరవలెనన్న మాత్రము మన పొలములో పడిపోయిన వానికి మనము చేసిన న్యాయము చూపగలిగి యుండవలెను.