బంతికి న్యాయము

మేడ్చల్-మల్కాజగిరి జిల్లాలోని ఉప్పల్ మైదానమున 2024 మార్చి 27వ తేదీన హైదరాబాదు, ముంబయి జట్లు నలువది ఓవర్లలో 523 పరుగులు చేసినవి. సిక్సరులే 38. 2025 మార్చి 23వ తేదీన అచ్చటనే జోఫ్రా ఆర్చరు నాలుగు ఓవర్లలో 76 పరుగులిచ్చి ఒక్క వికెట్టైనను పడయలేదు. ప్రేక్షకులు హర్షించిరి. కాని యిది పోటీ యనిపించుకొనునా?

దోషము భూమిది కాదు. పచ్చిక గొరిగి, రోలరుతో గట్టిగా నణచిన పిచ్‌పై బంతి మలుపు తిరుగక, ఒకే యెత్తున బ్యాటునకు వచ్చును. అదనపు బ్యాటరుకు చోటిచ్చు ‘ఇంపాక్ట్ ప్లేయర్’ నిబంధన 2023 నుండి దీనికి తోడైనది.

ఆటరీతి వేఱైనను, ఈ మైదానముననే 2024 జనవరి టెస్టులో పోప్ 196 పరుగులు చేసెను. హార్ట్‌లీ చివరి యిన్నింగ్సులో ఏడు వికెట్లు కూల్చెను. ఇరువదియెనిమిది పరుగులతో మనవారోడిన విచారమున్నను, ఆట గౌరవము నిలిచినది.

గులాం అహ్మదు, అర్షద్ అయూబుల స్పిన్ విద్య ఈ నగరపు సొత్తు. బౌలరునకు పరాభవమే ఫలమైనచో, రేపు మేడ్చల్, షామీర్‌పేటల బాలుడు బంతి నేల పట్టును? పిచ్‌పై కొంత పచ్చికయు, కొంత మలుపును మిగుల్పవలెనని నిర్వాహకులను మేము కోరుచున్నాము.