ఎవరి ఇంట్లో, ఎవరి చేత?

పిల్లలకు కళాభిరుచి ఇంట్లోనే మొదలవ్వాలట. పొద్దున్నే కీర్తనలు వినిపించాలి, మంచి చిత్రాలు చూపించాలి, రోజూ ఓ అరగంట పక్కన కూర్చుని రాగాలు గుర్తుపట్టడం నేర్పాలి. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక, ఈ వాక్యాల్లో కర్త లేకపోవడమే నాకు ముందు కనిపిస్తుంది. వినిపించాల్సింది, చూపించాల్సింది, నేర్పాల్సింది ఎవరు? ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. తల్లి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆ తల్లి చాలా ఇళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, దారం కట్టాలి. మధ్యలో వంట, నీళ్లు, బట్టలు. భర్త గల్ఫ్‌లో ఉంటే అప్పు వాయిదాలు, అత్తమామల మందులు కూడా ఆమెవే. సిరిసిల్లలో అయితే సాంచల చప్పుడు ఇంటి దాకా వినిపిస్తూనే ఉంటుంది. ఆ అరగంటకు ఎన్ని బీడీలు తగ్గుతాయో ఆమెకు తెలుసు. సలహా ఇచ్చేవాళ్లకే తెలియదు. ఆ అరగంట ఇవ్వలేకపోతే పిల్లలకు సంస్కారం నేర్పని తల్లి అన్న మాట ఒకటి అదనం.

ఈ సలహా వెనక ఇంకో నమ్మకం ఉంది. ఆ ఇంట్లో కళ లేదనీ, బయటి నుంచి తేవాలనీ. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. చప్పట్లు, అడుగులు కలిసి తాళం నిలబెడతాయి. తంగేడు, రంగులద్దిన గునుగు వరసలు వరసలుగా పేర్చడంలో రంగుల కూర్పు ఉంది. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. పండుగగా గౌరవిస్తాం, సంగీతంగా మాత్రం వినం. చేర్యాల నకాషీ కళాకారులు గీసిన పటాలు పట్టుకుని కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. నేతపని వాళ్ల కథనే బొమ్మల్లో చూపించే ఈ కళ సిరిసిల్ల పిల్లలకు చిత్రకళ పాఠం ఎందుకు కాదు?

అసలు శాస్త్రీయ సంగీతం 'మంచి ఇళ్ల' సొత్తు ఎప్పుడైంది? దాన్ని తరాలపాటు కాపాడిన వాళ్లలో దేవదాసీ స్త్రీలున్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కుటుంబాల్లోనే పుట్టింది. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1920లలో తన సంపాదనతో తిరువయ్యూరులో త్యాగరాజు సమాధి మీద గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే, వాళ్లను కూడగట్టి పాడించింది. అలాంటి స్త్రీలను పక్కకు నెట్టాకే ఆ విద్య 'కుటుంబ స్త్రీ'కి అలంకారమైంది. ఇప్పుడు అదే కుటుంబ స్త్రీ చేత పిల్లలకు జీతం లేకుండా నేర్పించమంటున్నారు.

అయితే బీడీ కార్మికురాలి బిడ్డకు త్యాగరాజు వద్దా? కావాలి. బతుకమ్మ మీ వాటా, కీర్తన మా వాటా అని పంచిపెట్టడం కూడా కులం చేసే పనే. రెండూ ప్రతి బిడ్డకూ అందాలి. కానీ అందించే బాధ్యత తల్లి ఒంటి మీద పెట్టడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో తండ్రి ఉంటే ఆ అరగంట అతనూ కూర్చోవచ్చు. అంతకంటే ముఖ్యం బడి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. అది దయ కాదు, చట్టం.

కాబట్టి అభిరుచి గురించి తల్లులకు ఉపన్యాసాలు ఆపి, ఈ మూడు ఊళ్లలో ప్రతి బడి కమిటీ సమావేశంలోనూ ఒకే ప్రశ్న వేద్దాం: మా పిల్లలకు పాట నేర్పే మనిషి, బొమ్మ నేర్పే మనిషి ఎక్కడ? ఆ మనిషికి జీతం ఎప్పుడిస్తారు?