తండ్రి పేరు దగ్గర ఆగిపోయిన దరఖాస్తు

తండ్రి పేరు, తండ్రి చేసే పని, శాశ్వత చిరునామా, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల పూచీ. పాల్వంచలో ఒక కాంట్రాక్టర్ ఆఫీసు ఇచ్చిన దరఖాస్తు ఇది. మేము కలిసిన కుర్రాడు మొదటి గడి దగ్గరే ఆగిపోయాడు. ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. పెరిగింది హోంలో. పద్దెనిమిది నిండాక బయటికొచ్చి స్నేహితుడి గదిలో సర్దుకుంటున్నాడు. "రేపు మీవాళ్లనెవరినైనా తీసుకురా" అన్నాడట గుమాస్తా. ఎవరిని తీసుకెళ్తాడు? మళ్లీ ఆ గడప తొక్కలేదు.

సింగరేణి గనులు, సారపాక పేపర్ మిల్లు, పాల్వంచ, మణుగూరు థర్మల్ కేంద్రాలు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచు పిల్లలకు కళ్లెదుట కనిపించే పెద్ద కొలువులు ఇవే. సింగరేణిలో కారుణ్య నియామకాలు ఉన్నాయి. కార్మికులు కొట్లాడి నిలుపుకున్న హక్కు అది, దాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ కొలువు తండ్రి మీదుగా నడిచొచ్చే చోట, తండ్రి లేని పిల్ల ఏ క్యూలో నిలబడాలి?

చట్టం ఈ పిల్లల్ని పూర్తిగా మర్చిపోలేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ హోం నుంచి బయటికొచ్చే యువతకు ఆర్థిక సాయం అందించవచ్చంటుంది. 21 ఏళ్ల వరకు, తప్పనిసరైతే 23 వరకు. మిషన్ వాత్సల్య కింద అది నెలకు 4,000 రూపాయలు. "అందించవచ్చు" అన్న మాటలోనే తిరకాసు ఉంది.

యాజమాన్యాల విషయంలో మాత్రం చట్టం "వచ్చు" అనలేదు. అప్రెంటిస్ చట్టం (1961) కింద 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. కాంట్రాక్టు కార్మికులూ ఆ లెక్కలోకి వస్తారు. స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల వరకు, కేంద్రమే భరిస్తుంది. 3ఏ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆ సీట్లలో రిజర్వేషన్ ఉంది. ఒప్పందం మీద సంరక్షకుడి సంతకం మైనర్లకే అవసరం. పద్దెనిమిది దాటిన వాడిని "మీ నాన్నను పిలుచుకురా" అనడం చట్టం కాదు, అలవాటు. ఆ అలవాటు వెనక కులం వాసన పసిగట్టే ముక్కు కూడా ఉంది.

మరి ఆ రిజర్వుడు సీటు మన పిల్లకు దక్కుతుందా? అసలు చిక్కు ఇక్కడ. కుల ధ్రువీకరణకు తల్లిదండ్రుల కాగితాలు కావాలి. 1993 నాటి చట్టం కులాన్ని రుజువు చేసుకునే భారం దరఖాస్తుదారు మీదే పెట్టింది. పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఆదరించేవాళ్లెవరూ లేక, గుర్తింపు పొందిన అనాథాశ్రమంలోనో బడిలోనో చేరిన పిల్లల్ని ఉమ్మడి రాష్ట్రంలోనే బీసీ-ఏలో చేర్చారు. ఉద్దేశం మంచిదే. కానీ మాదిగ పిల్లో, కోయ పిల్లాడో హోంలో పెరిగిన పాపానికి బీసీ-ఏ అయిపోతే ఆ 3ఏ సీటు చేజారినట్టే. పన్నెండో ఏట అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లకు ఆ బీసీ-ఏ కూడా లేదు. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయల పిల్లలైతే, తల్లిదండ్రులు బతికి ఉన్నా ఇక్కడ ఎస్టీ కాగితానికి తిరుగుతూనే ఉండాలి.

ఇంగ్లండులో ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన 25 ఏళ్ల లోపు యువతను అప్రెంటిస్‌గా తీసుకునే యజమానికి 1,000 పౌండ్లు ఇస్తారు. అప్రెంటిస్‌కు విడిగా 3,000 పౌండ్ల బర్సరీ ఉంది. మన దగ్గర డబ్బు కంటే ముందు కావాల్సింది కాగితం. పిల్లను హోంలో చేర్చుకునేటప్పుడు సామాజిక విచారణ నివేదిక రాస్తారు. ఊరు, కుటుంబం వివరాలు అందులో ఉంటాయి. దాని ఆధారంగా పద్దెనిమిది నిండకముందే రెవెన్యూ అధికారులు విచారణ జరిపి కుల ధ్రువపత్రం ఇవ్వాలి. పూచీ అడిగే కంపెనీ జిల్లా బాలల సంరక్షణ విభాగం ఇచ్చే లేఖను అంగీకరించాలి. మొదటి జీతం చేతికొచ్చే దాకా ఒక మంచం, క్యాంటీన్ కూపన్లు చూడాలి. పని నేర్పే మేస్త్రీ ఎవరో మొదటి రోజే చెప్పాలి. హోంలో పెరిగాడన్న సంగతి షాపు ఫ్లోరంతా చాటనక్కర్లేదు.

ఆ కుర్రాడు ప్రస్తుతం ఖమ్మం వైపు మిర్చి కోతకు పోతున్నాడు. ఐటీఐ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో భద్రంగానే ఉంది.