పురుగుమందు డబ్బా మీది లేబులు ఎవరి కొరకు?

పురుగుమందుల వల్ల జరిగే ప్రమాదాలు మన సంఘాలలో చర్చకు వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తున్నవి. చట్టం ఉన్నది, నిబంధనలు ఉన్నవి, డబ్బా మీద అన్నీ వ్రాసి ఉన్నవి, వాటిని చదవక కూలీలు, రైతులు తమ ప్రాణాల మీదికి తామే తెచ్చుకొంటున్నారనేది మొదటిది. కంపెనీలు తమ బాధ్యతను తప్పించుకొనుటకు అంటించిన కాగితమే లేబులు, దానిని చదివి ఒరిగేదేమీ లేదనేది రెండవది. ఈ రెంటితోను మేము ఏకీభవించలేము. లేబులు కార్మికునికి అక్కరకు వచ్చే పత్రం. అయితే అది అతని చేతికి అందకుండా పోతున్నది. ఎందుకు అందడం లేదో, అందేటట్లు చేయుటకు ఏమి చేయవలెనో ఆలోచించడం మన కర్తవ్యం.

ఈ చట్టం ఊరకే రాలేదు. 1958లో పారథియాన్ అనే పురుగుమందును తిండి సరుకులతో పాటు ఒకే ఓడలో రవాణా చేయగా, విషం కారి గోధుమ పిండిలో కలిసింది. ఆ పిండి తిన్నవారిలో కేరళలో వందమందికి పైగా మరణించారు. విచారణ జరిగింది. పది సంవత్సరాల తరువాత 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చినవి. లేబులు మీది ప్రతి అక్షరం వెనుక ప్రాణాలు ఉన్నవని మనం మరువరాదు.

ఈ చట్టం క్రింద ఏర్పడిన రిజిస్ట్రేషన్ కమిటీ ఢిల్లీ పొలిమేరలోని ఫరీదాబాద్‌లో పనిచేస్తున్నది. ఏ మందు దేశంలో అమ్మవచ్చునో, ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదులో వాడవచ్చునో అక్కడనే నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయం లేబులు రూపంలో వరంగల్లు పత్తి చేనుకు, గుంటూరు మిర్చి తోటకు చేరుతుంది. లేబులులో లేని పంటకు ఆ మందు కొట్టడానికి అనుమతి లేదన్న మాట. దుకాణదారుడు నోటితో చెప్పే సలహా ఈ అనుమతికి బదులు కాజాలదు. రెండు మూడు మందులను ఒకే పంపులో కలిపి కొట్టమని చెప్పే సలహా అసలే పనికిరాదు. ఆ మిశ్రమాన్ని లేబులు చెప్పకపోతే దానిని ఎవరూ పరీక్షించి ఆమోదించినట్లు కాదు.

లేబులు మీద వజ్రాకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని క్రింది సగంలోని రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు తీవ్ర విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఇక్కడ రెండు పొరపాట్లకు అవకాశమున్నది. పుర్రె, ఎముకల బొమ్మ ఎరుపు గుర్తు గల డబ్బా మీదనే ఉంటుంది. పసుపు గుర్తు గల డబ్బా మీద విషమని ఎర్రని అక్షరాలలో వ్రాసి ఉంటుందే తప్ప పుర్రె ఉండదు. అక్షరం రాని కూలీకి ఆ ఎర్రని అక్షరాలు ఏమి చెప్పగలవు? బొమ్మ లేదు గనుక భయం లేదని అతడనుకుంటే తప్పు అతనిది కాదు. రెండవది, ఈ రంగులకు ఆధారం ఆ మందు కడుపులోకి గాని చర్మం ద్వారా గాని ఒక్కసారి పోతే ఎంత మోతాదు ప్రాణం తీస్తుందన్న కొలత. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంటికి పట్టే విషం సంగతి ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ గుర్తును చూసి నిర్భయంగా చేతితో కలపవచ్చునని ఎవరూ భావించరాదు.

డబ్బాతో పాటు ఒక కరపత్రం కూడ ఉండి తీరవలెనని నిబంధన. విషం సోకిన లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు, ఖాళీ డబ్బాను ఏమి చేయవలెననే వివరాలు అందులో ఉండవలెను. అది హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ ప్రాంతపు భాషలో కూడ అచ్చు కావలెను. మరి ఆచరణలో ఏమవుతున్నది? చిన్న సీసా మీది అక్షరాలు భూతద్దం పెట్టినా కనిపించనంత చిన్నవి. కరపత్రం అనేక మడతలు పడిన పలుచని కాగితం. మూత తీసిన క్షణంలోనే గట్టు మీద పారవేయబడుతుంది. ఖమ్మం మిర్చి తోటలకు ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చే కూలీలకు తెలుగు అక్షరాలు తెలియవు. కర్ణాటకకు, మహారాష్ట్రకు వలసపోయే మన కూలీలకు అక్కడి భాష తెలియదు.

ఇక మోతాదు. లేబులు హెక్టారు లెక్కన చెబుతుంది. మన రైతు ఎకరం లెక్కన సాగు చేస్తాడు. కూలీ పంపు లెక్కన మందు కొడతాడు. ఉదాహరణకు, హెక్టారుకు 1000 మిల్లీలీటర్ల మందును 500 లీటర్ల నీటిలో కలపమని ఉన్నదనుకొందాము. హెక్టారు సుమారు రెండున్నర ఎకరాలు. కనుక ఎకరానికి 400 మిల్లీలీటర్ల మందు, 200 లీటర్ల నీరు. అనగా లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు, 16 లీటర్ల పంపుకు 32 మిల్లీలీటర్లు. ఈ లెక్క పంపు మోసేవానికి ఎవరు చెప్పారు? సీసా మూతతో కొలిచి, పురుగు చావలేదని మరొక మూత పోయడమే నేటి ఆచారం. ఆ అదనపు మూత పురుగు మీద కంటె కూలీ ఊపిరితిత్తుల మీద ముందుగా పనిచేస్తుంది.

2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 50 మంది మహిళా పత్తి సాగుదారులు తాము, తమ ఇంటి పురుషులు మందు కొట్టిన తరువాత పడిన బాధలను నమోదు చేశారు. నమోదైన 323 సందర్భాలలో 83.6 శాతం సందర్భాలలో స్వల్పంగానో తీవ్రంగానో విష లక్షణాలు కనిపించినవి. చిక్కని మందును నీటిలో కలపడం, పంపులు నింపడం స్త్రీల పనిగా ఉన్నది. ఆ పని మందు కొట్టడంతో సమానమైన ప్రమాదమని తేలినది. పెద్ద రైతుల కంటె పేద రైతులే తీవ్రంగా దెబ్బతిన్నారు. ప్రాణాపాయం వరకు వచ్చిన వారు సైతం ఆసుపత్రికి పోలేదు. ఒక రోజు కూలి పోగొట్టుకొనే స్తోమతు లేని మనిషికి తలతిప్పడం, వాంతి, కళ్ళు మసకబారడం జబ్బులుగా తోచవు.

ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలలో మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా మరణించారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు కూడ, ముఖానికి గుడ్డ కట్టుకోలేదు, చేతికి తొడుగులు వేసుకోలేదు అనే నిందను చనిపోయినవారి మీదికే నెట్టడానికి ప్రయత్నాలు జరిగినవి. మండే ఎండలో, ఎత్తుగా పెరిగిన పత్తి చేను నడుమ రబ్బరు దుస్తులు ధరించి రోజంతా పంపు మోయడం సాధ్యమా? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో ఆమోదించిన ప్రవర్తనా నియమావళి ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. భరింపరాని, ఖరీదైన రక్షణ దుస్తులు లేనిదే వాడలేని మందులను ఉష్ణ దేశాలలోని చిన్న రైతుల విషయంలో వదలివేయవలెనని ఆ నియమావళి ఉద్దేశం. లేబులులో తొడుగులు ధరించుము అని వ్రాసినంత మాత్రాన బాధ్యత తీరదు. ఆచరింపలేని హెచ్చరిక హెచ్చరిక కాదు.

చట్టంలోనే ఒక పెద్ద లొసుగు ఉన్నది. తన సాగులో ఉన్న భూమిపై ఎవరైనా పురుగుమందు వాడుకొనుటకు ఈ చట్టం వర్తించదని 38వ సెక్షను చెబుతున్నది. చిన్న రైతును కేసుల నుండి కాపాడడం మంచిదే. దానిని మేము వ్యతిరేకించము. కాని అదే చేలో కూలికి మందు కొట్టే మనిషి గతి ఏమిటి? కర్మాగారంలో మందు తయారు చేసే కార్మికునికి కనీసం మూడు నెలలకొకసారి, వాణిజ్య పద్ధతిలో పురుగుల నివారణ చేసే సంస్థల కార్మికునికి నిర్ణీత కాలానికొకసారి వైద్య పరీక్ష జరిపించవలెనని నిబంధనలు చెబుతున్నవి. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాలలోని ఇళ్లలో, హోటళ్లలో, ధాన్యం గోదాములలో మందు కొట్టే కార్మికులు ఈ హక్కును అడిగి తీసుకోవలెను. పొలంలోని కూలీకి అడుగుటకు ఆ కాగితమైనా లేదు.

డబ్బా ఖాళీ అయినంత మాత్రాన ప్రమాదం తీరదు. ఖాళీ డబ్బాలను పగులగొట్టి జనావాసాలకు దూరంగా పాతిపెట్టవలెనని నిబంధన. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటలోని నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్లు పరీక్షలో తేలినది. విషం ఉన్న పాత్రలో తిండి వస్తువు ఉంచరాదన్న ఒక్క వాక్యం ఎంత విలువైనదో ఆ తల్లులను అడగవలెను.

మన కూలీ సోదర సోదరీమణులకు మేము చెప్పదలచినది ఇది. లేబులు చదివి వినిపించనిదే మందు కలపవద్దు. చదువు వచ్చినవాడు చదవవలెను, రానివారు వినవలెను. ఏ పంటకు, పంపుకు ఎంత, మందు కొట్టిన ఎన్ని రోజులకు కోత కోయవచ్చును, విరుగుడు ఏమిటి అనే నాలుగు సంగతులు తెలియనిదే పంపు భుజానికి ఎత్తవద్దు. ఎవరికైనా విషం సోకితే డబ్బానో లేబులునో ఆసుపత్రికి వెంట తీసుకొనిపోవలెను. సేంద్రియ భాస్వరపు మందులకు అట్రోపిన్ విరుగుడుగా పనిచేస్తుంది. గోదాములలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుండి వెలువడే వాయువుకు విరుగుడే లేదు. ఏ మందో తెలియక వైద్యుడు పోగొట్టుకొనే ప్రతి నిమిషం రోగి ప్రాణంలోనిది. కొన్న రసీదును దాచవలెను. రేపు నష్టపరిహారం అడుగుటకు అదే సాక్ష్యం.

ప్రభుత్వాన్ని మేము కోరుతున్నది కూడ స్పష్టమే. 1968 చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చుటకు 2008లో, 2020లో రాజ్యసభలో బిల్లులు ప్రవేశపెట్టబడినవి. ఏ చట్టం వచ్చినా అందులో కూలీకి చోటు ఉండవలెను. పసుపు గుర్తు గల డబ్బాల మీద కూడ పుర్రె బొమ్మ ముద్రింపవలెను. మోతాదును ఎకరం లెక్కన, పంపు లెక్కన, బొమ్మలతో సహా చూపవలెను. విషం సోకిన ప్రతి సంఘటనను నివేదించునట్లు ఆజ్ఞాపించే అధికారం 26వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాలు రెండూ దానిని పూర్తిగా వినియోగించి, గ్రామ వైద్యశాల మొదలు లెక్క కట్టవలెను. వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యములపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో ఆమోదించిన 184వ ఒడంబడికను భారత ప్రభుత్వం ధ్రువీకరించవలెను.

ఈ కోర్కెలు నెరవేరే వరకు మన సంఘాలు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఈ వానాకాలంలో పత్తి, మిర్చి మందులు గ్రామాలకు రాకముందే ప్రతి శాఖ ఒక సాయంకాలం సమావేశమై, ఆ ఊరి దుకాణంలో అమ్మే మందుల లేబుళ్లను తెచ్చి గట్టిగా చదివించవలెను. మందు కలిపే స్త్రీలను ముందు వరుసలో కూర్చోబెట్టవలెను. కంపెనీ అచ్చు వేసిన కాగితాన్ని కార్మికుని నోట పలికించగలిగిననాడే అది కార్మికుని పత్రమవుతుంది.