లెక్క అడిగే హక్కు

"విడిపోతే ఎట్లా బతుకుతావ్?" కొట్టే భర్తను వదిలి వచ్చిన స్త్రీని పంచాయితీ పెద్దలు అడిగే ప్రశ్న ఇది. తెలంగాణనూ దశాబ్దాల పాటు ఇదే అడిగారు. 2010 చివర్లో నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ, ఈ ప్రాంతం ఆర్థికంగా నిలబడగలదని ఒప్పుకుంటూనే కలిసి ఉండటమే మేలంది. బతకగలదని తెలిసీ వెళ్ళొద్దనడం మన ఆడవాళ్ళకు బాగా ఎరుకైన తీర్పే.

స్వపరిపాలన లాభం రుజువు చేసి తెచ్చుకునే అప్పు కాదు. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదని 1969లో వీధికెక్కిన జనం జమాఖర్చులు చూసుకుని రాలేదు. నష్టమొచ్చినా మా నిర్ణయం మేమే చేసుకుంటాం అనడమే ప్రజాస్వామ్యం.

కానీ ఆ "మేము"లో ఎవరున్నారు? మెదక్ పక్కనున్న మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటుకు అప్పగించింది ఉమ్మడి ప్రభుత్వం. మూతపడింది మాత్రం 2015 డిసెంబరులో, సొంత రాష్ట్రంలో. జీతం ఆగిన ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసే పని ఎవరి మీద పడిందో ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు. ఎట్లా కనిపిస్తుంది? 2014 నుంచి 2018 దాకా తొలి మంత్రివర్గంలో ఒక్క స్త్రీ లేదు. మెదక్ ఎమ్మెల్యే పద్మా దేవేందర్‌రెడ్డికి దక్కింది డిప్యూటీ స్పీకర్ పదవి. ఖర్చులు నిర్ణయించే బల్ల దగ్గర కుర్చీ కాదు.

నష్టం చూపి విడిపోవద్దన్నవాళ్ళనూ, "రాష్ట్రం వచ్చింది కదా, ఇంకా లెక్కలేమిటి" అనేవాళ్ళనూ నేను ఒకే గాటన కడతాను. విడిపోయే హక్కు ఎంత మనదో, ఆ తర్వాత భారం ఎవరు మోశారని నిలదీసే హక్కూ అంతే మనది.